పలకకు రెండో వైపు

నిన్న విజయవాడలో ఒక పాత కొట్టులో చెక్క చట్రం ఉన్న రాతిపలక కనిపించింది. తడిగుడ్డతో తుడిస్తే వచ్చే ఆ వాసన మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది.

డెబ్బైల్లో, పామర్రులో, మా ఇంట్లో ఉన్నది ఒకటే పలక. ఒక వైపు నా లెక్కలు, రెండో వైపు అమ్మవి. అమ్మ నాకు ఐదో తరగతి దాకా ఇంట్లోనే చదువు చెప్పింది. తను మెట్రిక్‌కు ప్రైవేటుగా కట్టింది. పొయ్యి ముందు ఇద్దరం ఆ పలకనే అటూ ఇటూ తిప్పుకునేవాళ్లం.

నన్ను నేరుగా ఆరులో చేర్చడానికి, తమ్ముణ్ని చంకనేసుకుని హైస్కూలుకు తీసుకెళ్లింది.

“బడి మొహం చూడని పిల్లను ఆరులో ఎలా చేర్చుకోనమ్మా?” అంటూ హెడ్మాస్టరుగారు నా చేతిలోని పలక తీసుకుని తిప్పారు. అటువైపు బీజగణితం.

“ఇది నువ్వు చేశావా?”

“కాదండీ, అది మా అమ్మదండీ. తనకీ పరీక్షలండి.”

ఆయన పలకను కాసేపు చూశారు. “మూడో స్టెప్పులో మైనస్ మర్చిపోయారమ్మా,” అని బలపం అమ్మకిచ్చారు.

అమ్మ తమ్ముణ్ని రెండో చంకకు మార్చుకుంది. కింది స్టెప్పులన్నీ తుడిచి, నిలబడే మళ్లీ చేసింది. బలపం పట్టిన వేళ్లకు పొద్దుటి వంట పసుపు ఇంకా ఉంది.

హెడ్మాస్టరుగారు నన్ను ఇంకేమీ అడగలేదు. అప్లికేషను మీద ‘ఆరో తరగతి’ అని రాసి సంతకం పెట్టారు.