వెనక గేటు నుంచి మొదలు

ఆయన అసలు పేరు క్యాంపస్‌లో జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ స్కేలు సారే. చొక్కా జేబులో పెన్ను పక్కన అరడుగు స్టీలు స్కేలు పెట్టుకుని తిరిగే సెక్యూరిటీ మనిషిని ఇంకేమని పిలుస్తారు? పసుపు గీత మీదికి బండి చక్రం వచ్చిందా లేదా అన్న అనుమానం వస్తే ఆయన తన కళ్ళను కూడా నమ్మడు. వంగి, స్కేలు ఆనించి, కొలిచి, అప్పుడు చలానా రాస్తాడు. వెంట్రుకవాసి ఇవతల ఉన్నా వదిలేస్తాడు. దాటిందంటే మాత్రం కాళ్ళావేళ్ళా పడ్డా అంతే సంగతులు.

ఇరవై ఒక్కేళ్ళ ఉద్యోగంలో ఆయన సంపాదించుకున్నది ఈ ముక్కుసూటి మనిషనే పేరొక్కటే. "నేను మనిషిని చూడను, చక్రాన్ని చూస్తాను" అనేవాడు. ఎవరైనా నసిగితే "మా బావమరిదికే రాశానయ్యా, నువ్వెంత!" అని బ్రహ్మాస్త్రం వదిలేవాడు. రాసిన మాట నిజమే. ఆ బావమరిది క్యాంపస్ వెనకవైపు వర్క్‌షాపులో వెల్డరు. చలానా పడ్డాక ఆర్నెల్లు అక్క గడప తొక్కలేదు. ఆ ఆర్నెల్లూ ఇంటావిడ మొగుడి ముందు కంచం ఎంత చప్పుడుగా పెట్టేదో పక్కింటివాళ్ళను అడిగితే చెబుతారు. అయినా ఆయన ఆ చలానాను పతకంలా చెప్పుకునేవాడు.

అక్కడి రూలు చిన్నది. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఏ బిల్డింగు ముందైనా సరే, పసుపు గీత మీద బండి ఆపకూడదు. సామాన్ల లారీలు తిరగాలి, అవసరం పడితే అంబులెన్సు రావాలి. ఏడాదిలో మూడు చలానాలు పడితే బండి పాసు రద్దవుతుంది. మళ్ళీ ఏడాది దాకా ఆ బండి గేటు లోపలికి రాదు.

హాస్టల్ వంటావిడకు మూడోది పడింది. ఆవిడ మోకాలు అరిగిపోయింది. వెనక గేటు సామాన్ల లారీలకే తెరుస్తారు, పనివాళ్ళు రావాల్సింది ముందు గేటు నుంచే. అక్కణ్ణించి వంటగదికి మైలున్నర దూరం. పాసు పోతే అంత దూరం నడవలేదు, నడవలేకపోతే పని పోతుంది. అందుకని ఆవిడ క్యాంపస్ వెనకవైపు వాళ్ళెవరూ ఎన్నడూ చెయ్యని పని చేసింది. చలానా మీద అప్పీలు పెట్టింది.

చలానా పడ్డ మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక విచారణ. పొడుగు బల్లకు అవతల ముగ్గురు, మధ్యలో ఫిజిక్స్ ప్రొఫెసరు. ఆయనే ఛైర్మన్. స్కేలు సార్ ఇస్త్రీ మడత నలగకుండా, ఆ ఏడాది చలానా పుస్తకాలు నాలుగూ చంకన పెట్టుకుని పెళ్ళివారిలా వచ్చాడు.

"గీత దాటిందా?" అన్నాడు ఛైర్మన్.

"నాలుగంగుళాలు సార్. కొలిచాను."

"నువ్వేమంటావమ్మా?"

"దాటింది సార్. నేను కాదన్లేదు," అంది వంటావిడ.

"మరి అప్పీలెందుకు?"

"ఒక్క మాట సార్. ప్రొఫెసర్లు, ఆఫీసర్లు కూర్చునే పెద్ద బిల్డింగు ముందు రాసిన చలానా, ఆ పుస్తకాల్లోంచి ఒక్కటి చదివి వినిపించమనండి. ఒక్కటంటే ఒక్కటి. వినేసి నా పాసు నేనే ఇక్కడ పెట్టి పోతాను."

ఓస్ ఇంతేనా అనుకున్నాడు స్కేలు సార్. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. వంటగది. లాండ్రీ. వర్క్‌షాపు. వంటగది. హాస్టల్ గేటు. మళ్ళీ లాండ్రీ. రెండో పుస్తకం తీశాడు. మూడోది తీశాడు. నాలుగోది చివరిదాకా తిప్పి, మొదటిది మళ్ళీ తెరిచాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆయనకు మాత్రం వీపంతా తడిసిపోయింది. పెద్ద బిల్డింగు అన్న మాట ఒక్క పేజీలోనూ లేదు.

"ఉంటుంది సార్, పాత పుస్తకాల్లో..." అని ఏదో అనబోయాడు.

"ఇక చాలు," అన్నాడు ఛైర్మన్ గడియారం చూసుకుంటూ. "ఎవరికి రాయలేదన్నది ఇక్కడ విషయం కాదు. రూలు రూలే. నిర్ణయం వారంలో చెబుతాం."

స్కేలు సార్ తిన్నగా స్టోరు గదికి పోయి పాత ట్రంకు పెట్టె తెరిచాడు. ఎనిమిదేళ్ళ పుస్తకాలు తిరగేశాడు. లేదు. ఒక్కటీ లేదు. పెద్దవాళ్ళంటే నాకు భయమా అని తనను తాను నిలదీసుకున్నాడు. కాదని పిల్లల మీద ఒట్టేసి చెప్పగలడు. ఆ బిల్డింగు జోలికి పోవద్దని ఆయనకెవరూ చెప్పలేదు. మరి ఇదెలా జరిగినట్టు? కొయ్యబారిపోయి ఆ దుమ్ములోనే కూర్చున్నాడు.

సంగతి మర్నాడు పొద్దున డ్యూటీ పుస్తకంలో సంతకం చేస్తుంటే తెలిసింది. ఆ పుస్తకం ఉండే గార్డు గది వెనక గేటు దగ్గర. అక్కడ సంతకం కాగానే కాళ్ళు వాటంతటవే వంటగది వైపు తిరుగుతున్నాయి. అక్కణ్ణించి లాండ్రీ, వర్క్‌షాపు, హాస్టళ్ళు, లైబ్రరీ. వంగి కొలిచి రాసుకుంటూ పెద్ద బిల్డింగు చేరేసరికి రోజూ పది దాటుతుంది. పది దాటాక గీత మీద ఎవరైనా ఆపుకోవచ్చు. ఇరవై ఒక్కేళ్ళుగా ఇదే దారి.

ఆ రోజు కాళ్ళను బలవంతాన ముందుకు తిప్పాడు. ఎనిమిదీ పదికి పెద్ద బిల్డింగు ముందు నిలబడి నోరెళ్ళబెట్టాడు. పంతొమ్మిది కార్లు. స్కేలు తియ్యబోయి ఆగిపోయాడు. గీత కనపడితే కదా కొలవడానికి!

రాయడం మొదలుపెట్టాడు. ఏడోది రాస్తుండగా ఛైర్మన్ కారు వచ్చి దర్జాగా గీత మీద ఆగింది. ఆయన దిగి, ఈయన్ని చూసి కంగారుపడ్డాడు.

"ఏమయ్యా, ఎవరికైనా ఏమైనా అయిందా?"

"లేదు సార్. రౌండ్స్."

"అదేంటి, నువ్వు ఇటొచ్చేది పది దాటాక కదా!"

బస్సు ముందే వచ్చేసిందేమిటని అడిగినంత మామూలుగా అడిగాడు. స్కేలు సార్ రాయడం ఆపాడు.

"మీకెలా తెలుసు సార్?"

"ఇందులో తెలియడానికేముంది? కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెబుతాం."

ఇరవై ఒక్కేళ్ళు. తన అడుగుల్ని బట్టి జనం గడియారాలు సరిచేసుకుంటున్నారు, తనకొక్కడికే తెలియదు. ఎనిమిదో చలానా రాసి ఛైర్మన్ చేతిలో పెట్టాడు. అక్షరాలు వంకరపోయాయి. ఆ చేతి రాత అలా రావడం అదే మొదలు.

ప్రతి చలానా పుస్తకం చివరా ఒక కాగితం ఉంటుంది. రాసినవాడే వారంలోపు, కారణం చూపించి, చలానా వెనక్కి తీసుకోవచ్చు. ఆయన ఎన్నడూ వాడలేదు. ఆ రోజు వంటావిడ చలానా నంబరు వేసి, కారణం దగ్గర 'రాసినవాడి తప్పు' అని రాసి సంతకం పెట్టాడు. ఆఫీసులో ముద్ర వేయించుకుని వంటగదికి నడిచాడు. మిగతా పాత చలానాలకు ఆ వారం గడువు ఎప్పుడో దాటిపోయింది.

వంటావిడ ఉల్లిపాయలు తరుగుతోంది. కాగితం చదివి కళ్ళు తుడుచుకుంది. అది ఉల్లిపాయలకో దేనికో ఆయనకు అర్థం కాలేదు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "నిజంగా తెలియదు. గార్డు గది ఇటుంది కాబట్టి ఇటు నుంచి మొదలుపెట్టేవాణ్ణి, అంతే. అటువైపు ఏం జరుగుతోందో నిన్నటిదాకా నాకు తెలియదు."

కత్తి ఆగిపోయింది. ఆవిడ నిలువుగుడ్లేసుకుని ఆయన్ని చూసింది.

"మీకు తెలియదా? తెలిసే చేస్తున్నారనుకున్నాం సార్! ఇటువైపు వాళ్ళమంతా ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాం." ఆగి, గొంతు తగ్గించింది. "మీ బావమరిదితో సహా. చలానా పడ్డరోజు ఇక్కడికే వచ్చి కూర్చున్నాడు. రాసినందుకు బాధ లేదు, మా బావ అటువైపు వాళ్ళకు రాయడని తెలిశాకే ఆ ఇంటికి పోబుద్ధి కావట్లేదు అన్నాడు."

స్కేలు సార్ అక్కడున్న ఉల్లిపాయల బస్తా మీద కూలబడ్డాడు. కిటికీలోంచి వర్క్‌షాపు తలుపు కనిపిస్తోంది, లోపల వెల్డింగు మెరుపులు. నాలుగడుగులు వేస్తే చేరుకోవచ్చు. లేవడానికి మాత్రం ఆయనకు చాలాసేపు పట్టింది.