కుట్టుకు కాపడం

ఈ అరబ్బు దేశంలో ఇంటి యజమానురాలిని 'మామా' అని పిలవాలి. వచ్చిన కొత్తలో ఆ పిలుపుకు నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. మా కడప వైపు మామ అంటే మీసాలుంటాయి. తొమ్మిదేళ్ళలో అలవాటైపోయింది. అల్ అమెరాత్‌లో ఆమె ఇల్లు. వంట, ఊడ్చడం, మగవాళ్ళ పొడుగాటి తెల్ల అంగీలకు ఇస్త్రీ, అన్నీ నావే.

మామా వాళ్ళమ్మ పోయిన ఏడు కాలం చేసింది. ఇప్పుడు మామా కూతురికి నెలలు నిండుతున్నాయి. ముసలమ్మ ఇంట్లో వేసుకున్న నూలు గౌన్లు మూడు మిగిలాయి. వాటితో పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టించాలని మామా కోరిక. ఒక గౌను మెడ కింద ముసలమ్మ తన చేత్తో కుట్టుకున్న ఎర్రదారం పువ్వులున్నాయి, అరచెయ్యంత మేర. ఆ ముక్క బొంత నడుమ రావాలి. అలాంటిది ఇంకొకటి లేదు. అది కుట్టిన మనిషీ లేదు.

నేను కుడతానన్నాను. చదువు ఐదో తరగతిలో ఆగింది గానీ నా చేతిలో సూది ఏనాడూ ఆగలేదు. మామా వింటేనా? ఫోన్‌లో వీడియోలు చూసి, రూవి నుంచి ఒక టీచరమ్మను పిలిపించింది. గోదావరి జిల్లా మనిషి. కుట్టు క్లాసులు చెబుతుందట, సర్టిఫికెట్ ఉందట. శుక్రవారం పొద్దున చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ దిగింది. ఆ పెట్టె చూసి, పాపం వీసా అయిపోయి ఊరికి పోతోందేమో అనుకున్నాను.

అందులో ఉన్నవన్నీ ఇస్త్రీ సామాన్లే. పలకంత బోర్డు ఒకటి, పూరీ అంత గుండ్రటి బోర్డు ఒకటి, చొక్కా చేతిలో దూర్చడానికి మొసలి మూతిలాంటిది ఇంకొకటి. గొర్రె ఉన్ని చాప. సబ్బుబిళ్ళంత ఇస్త్రీ పెట్టె. ఆఖరున, నున్నగా చెక్కిన ఒక చెక్క దిమ్మ.

"ఇదేంది మేడమ్, పప్పు మెదిపేదానికా?" అని అడిగాను.

"అది కుట్టు మీద పెడతారమ్మా. వేడిని పట్టి ఉంచుతుంది. నీకు అర్థం కాదులే, టీ పెట్టు," అంది.

టీ పెట్టాను. రెండు చెంచాల చక్కెర వేసుకుని, ఉపన్యాసం మొదలుపెట్టింది. ఐరనింగ్ వేరట, ప్రెస్సింగ్ వేరట. ఐరనింగ్ అంటే రుద్దడం, ప్రెస్సింగ్ అంటే పెట్టి ఎత్తడం. ముక్కల బొంతకు ప్రెస్సింగే చెయ్యాలట. ఇందులో తప్పేమీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. చెప్పిన నోరు అదే, చేసిన చెయ్యి మాత్రం వేరు. ముక్కోణం ముక్కలు రెండు కలిపి కుట్టి, బోర్డు మీద పరిచి, ఆవిరి వదులుతూ సరసరా రుద్దేసింది. ఐమూలగా కత్తిరించిన పాత నూలుబట్ట ఊరుకుంటుందా? అంచు సాగి, ఒక మూల మేక చెవిలా వేలాడింది. దాన్ని సరిచెయ్యాలని నీళ్ళు చిలకరించి మళ్ళీ రుద్దింది. మేక చెవి కాస్తా ఏనుగు చెవి అయింది.

"బట్ట పాతదండి, మరీ మెత్తబడిపోయింది," అంది టీచరమ్మ.

సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ తప్పులు ఎప్పుడూ బట్టవే.

టీచరమ్మ పువ్వుల ముక్క చేతిలోకి తీసుకుంది. పువ్వులు పైకి పెట్టి, బోర్డు మీద పరిచి, ఇస్త్రీ పెట్టె ఎత్తింది. మామా కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడింది. నాకు ఇక నోరు ఆగలేదు.

"రుద్దాకు మేడమ్. దానికి కాపడం పెట్టాల."

టీచరమ్మ పకపకా నవ్వింది. "కాపడమా? ఏవమ్మా, బట్టకేమన్నా నడుం పట్టేసిందా?"

"క్యా బోల్తా?" అని మామా నన్ను అడిగింది.

నాకొచ్చిన హిందీ ఆ పనికి చాలదు. గుడ్డ మడిచి, ఇస్త్రీ పెట్టె మీద వెచ్చజేసి, నా పొట్ట మీద పెట్టి చూపించాను. పెట్టడం, ఆగడం, తీయడం. పసిబిడ్డకు కడుపునొప్పి వస్తే ఎవరైనా రుద్దుతారా? మా అమ్మ చెంబులో నిప్పులు పోసి బొంత ముక్కల మీద పెట్టేటప్పుడు అదే మాట అనేది, కుట్టుకు కాపడం పెట్టు అని. మామా చూసి, తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "మేరా అమ్మా, నమక్, కపడా," అని చేత్తో చూపించింది. వాళ్ళమ్మా ఉప్పుమూటతో అట్లాగే కాచేదట. టీచరమ్మ చేతిలోంచి ముక్క తీసుకుని నాకిచ్చింది.

చపాతీ పీటకు మందపాటి తువ్వాలు చుట్టాను. పువ్వులు నలగకుండా ముక్కను బోర్లా వేశాను. పైన తడిగుడ్డ. పెట్టాను, పది లెక్కపెట్టాను, ఎత్తాను. మామా నా పక్కనే నిలబడి తనూ లెక్కపెట్టింది, అరబ్బీలో. ఆ పప్పుగుత్తి దిమ్మ కూడా పెట్టి చూశాను. బాగానే పనిచేసింది. అంత పెట్టెలో అదొక్కటే పనికొచ్చింది, అదీ కట్టెముక్క. తిప్పి చూస్తే ఎర్రపువ్వులు ఉబ్బెత్తుగా, ముసలమ్మ ఇప్పుడే దారం తెంపినట్టున్నాయి. మామా వాటిని వేలితో తాకి, తలముసుగు అంచుతో ముక్కు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది.

టీచరమ్మ టీ మాత్రం మొత్తం తాగే వెళ్ళింది. ఇప్పుడు రూవి క్లాసులో 'కాపడం పద్ధతి' అని చెబుతోందట, అక్కడ నేర్చుకుంటున్న మా ఊరి పిల్ల చెప్పింది. దానికి కూడా బోర్డు కొనాల్సిందేనట.

బొంత మిగతాదంతా నేనే కుట్టాను. పువ్వులు నడుమ వచ్చాయి. గుడ్డ చాలక, ఆ ఏనుగు చెవి ముక్కనూ ఒక మూల కలపక తప్పలేదు. మనవడు పుట్టాక మామా ఆ మూలకు ఉస్తాదా అని పేరు పెట్టింది, అరబ్బీలో టీచరమ్మ అని. బిడ్డకు కప్పేటప్పుడు ఇప్పటికీ చెబుతుంది: ఉస్తాదా కాళ్ళ వైపు.