కందకం మీద ఏడు రాళ్లు

మఠంపల్లి అవతలి తండా నుంచి ఊళ్లోకి దగ్గరి తోవ ఒక్కటే. పాత సున్నపురాయి గుంటల మధ్య వంపులు తిరుగుతూ వస్తుంది. ఒకప్పుడు బట్టీలకు రాయి మోసిన బండ్ల బాట అది. పని ఆగి గుంటల్లో నీళ్లు నిలిచాక మేకలు, సైకిళ్లు, కట్టెల మోపులు, బడి పిల్లలు అన్నీ దాని మీదే.

నీలా పాల క్యాను నెత్తిన పెట్టుకుని నడిచేదీ దాని మీదే. క్యాను పొద్దున కోదాడ బస్సెక్కాలి. రోడ్డు చుట్టి వస్తే బస్సు దాటిపోతుంది, పాలు విరుగుతాయి. భర్త బీక్యా పోయాక ఆ ఇంటికి బర్రెలే దిక్కు.

ఎనభై ఎనిమిదిలో ఎవరో గుంటలను మళ్లీ లీజుకు తీసుకుని, ఎవరూ అటు రాకుండా తోవకు అడ్డంగా కందకం తవ్వించారు. తీసిన రాయీ మట్టీ పక్కనే పోయించారు. ఊళ్లోని సోమన్నను కాపలా పెట్టారు. అతనూ సైకిలు భుజానేసుకుని కందకం దిగి ఎక్కుతుంటే నీలాకు నవ్వొచ్చిందట. క్యానుతో కందకం దాటలేక రోడ్డు చుట్టి వచ్చి, బస్సు తప్పి పాలు విరిగాక ఆ నవ్వు పోయింది. సర్పంచి చూద్దామన్నాడు. లీజుదారు అసలు అక్కడ తోవే లేదన్నాడు.

ఆషాఢంలో తండాలో సీత్లా పండుగ వచ్చింది. తోవ పక్కన ఏడు రాళ్లు నిలిపి, అమ్మవార్లుగా కొలిచి, పశువులను వాటి ముందు నుంచి దాటిస్తారు. దాటిన పశువుకు రోగం రాదని నమ్మకం. ఈసారి రాళ్లు కందకం గట్టునే పెట్టాలని నీలా పట్టుబట్టింది. అక్కడ పశువులెట్లా దాటుతాయని తండా నాయకుడు ఫకీరా అడిగాడు.

"దాటేటట్టు మనమే చేద్దాం మామా. గంపలు లేవా, చేతులు లేవా?"

మంగళవారం తండా అంతా గంపలతో, పారలతో కదిలింది. సోమన్న కర్ర అడ్డం పెట్టి, తన నౌకరీ పోతుందని మొత్తుకున్నాడు.

"నువ్వు ఆపినవని సెప్పు తమ్మీ, మేం ఇనలేదని మేం సెప్తం. జర పక్కకు జరుగు, బర్రెలొస్తున్నయ్," అంది నీలా.

సోమన్న జరిగాడు. తీసిన మట్టే మళ్లీ కందకంలో పడింది. గట్టున ఏడు రాళ్లు నిలిచాయి, వాటి ముందు నుంచి పశువులన్నీ దాటాయి.

మర్నాడు లీజుదారు మళ్లీ తవ్వమన్నాడు. కూలీలంతా చుట్టుపక్కల తండాల వాళ్లే. ఏడు రాళ్లను చూసి ఒక్కరూ పార దించలేదు. ఆయన కొన్నాళ్లు కోపంగా తిరిగి, చివరికి తవ్వకాన్ని తోవకు ఎడంగా జరుపుకున్నాడు.

పండుగ తెల్లవారి పొద్దున్నే నీలా క్యానుతో బయల్దేరితే, కొత్త మట్టి కాళ్ల కింద ఇంకా మెత్తగా ఉంది. వెనక సైకిల్ బెల్లు మోగింది. రాత్రి కాపలా ముగించి సోమన్న ఇంటికి పోతున్నాడు.

"పక్కకు జరుగు నీలక్కా, తోవ నీ ఒక్కదానిదేనా?"

"ముందుగాల పోతున్నవు గద, బస్సును జర ఆపు," అంది నీలా, పక్కకు జరగకుండానే.