నల్ల రంగు టాంకీ

మొన్న పక్కింటివాళ్లు గేటుకు రంగు వేస్తుంటే, ఆ వాసనకు ఎల్లారెడ్డిలోని మా వాకిలి, బాపు పాత మోటార్ సైకిల్ గుర్తొచ్చాయి.

"దీనికి రంగేసినంక నిన్ను టాంకీ మీద కూసోబెట్టుకొని నిజాంసాగర్ కట్టకు తోల్కపోత బిడ్డా" అన్నాడు బాపు. ఆ ఆశతో నాలుగు రోజులు తడిపిన గరుకు కాగితంతో పెట్రోలు టాంకీ రుద్దాను. వేళ్ల కొసలు మండేవి. చిలకపచ్చ వేయమంటే నలుపు తెచ్చాడు.

"నలుపైతే మట్టి కనవడది" అన్నాడు. నమ్మాను.

రంగు ఆరాక ఒక శుక్రవారం పొద్దున నాచేతనే టాంకీకి బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. ఇక బయలుదేరడమే అనుకుని పండుగ గౌను తొడుక్కొని నిలబడ్డాను.

అంతలో పిట్లం నుంచి ఒకాయన వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, "శబాష్ అన్నా, నేను చెప్పిన నలుపే ఏసినవ్!" అంటూ ఎక్కి కూర్చున్నాడు. నిమ్మకాయలు చితికాయి. బండి సందు మలుపు తిరిగింది.

"అది మన బండి గాదా బాపూ?"

"అమ్మిన బిడ్డా. ముందుగాల్నే చెప్తే నువ్వు గంత మంచిగ రుద్దుతుంటివా?" అని నవ్వబోయాడు. నేను నవ్వలేదు.

ఏదో ఇబ్బందికే అమ్మి ఉంటాడని పెద్దయ్యాక అర్థమైంది. బడికి పోని నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. రోజూ దీపం పెట్టి ఆయన్ని తలుచుకుంటాను. అయినా బండి పోయిన ఆ సాయంత్రం పలక మీద రాసి "ఇది 'ఖ' బిడ్డా" అంటే, నిజంగా 'ఖ'యేనా అని మొదటిసారి ఆయన ముఖంలోకి చూశాను.