పుల్లన్న బ్రేకులకు పెట్టిన బొట్లు

ఓర్వకల్లు పుల్లన్నకు కోపం వస్తే వీధిలో వాళ్ళు గొడ్లను లోపలికి తోలుకునేవాళ్ళు. ఆయన ఆస్తి ముప్పై ఏళ్ళ అంబాసిడరు. పెళ్ళిళ్ళకు, కాన్పులకు మా ఊరికి అదే బండి. పోయిన నెల ఫిట్‌నెస్ పరీక్షలో, బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోందని వెనక్కి పంపారు. రేపు పదింటికి మళ్ళీ చూస్తారు. ఈసారి తప్పితే బండి పాత ఇనుము కింద పోతుంది. పుల్లన్న తన భార్య ఈరక్కతో కలిసి గుంటూరు మిరప కోతలకు వలస పోవాలి.

"ఒకసారి పోయొచ్చినా. మళ్ళా పోయేదానికంటే ఈ బండి కిందనే పడుకుంటా" అనేవాడు.

సాయానికి కోసిగి నుంచి ఈరక్క తమ్ముడు గోపన్న వచ్చాడు. సేద్యంలో మొనగాడు. బండి గురించి మాత్రం చక్రాలు గుండ్రంగా ఉంటాయని తెలుసు.

బ్రేకు షూలు మార్చేందుకు చక్రాలు విప్పారు. మూడు చక్రాల బ్రేకు డ్రమ్ములు ఊడొచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి కదల్లేదు. పుల్లన్న దాన్ని ముందు బతిమాలాడు, తర్వాత తిట్టాడు, ఆ తర్వాత సమ్మెట ఎత్తాడు. ఇరవై దెబ్బలకు అరచేతి తోలు లేచి పిడి ఎర్రబడింది. ఇరవై ఒకటో దెబ్బకు డ్రమ్ము ఎగిరి, కంచె దాటి, పొరుగున మా దొడ్లో ఉన్న నా పుంజును నేలకు అతికించింది. అర ఫర్లాంగు దూరం. పది గజాలే అంటుంది ఈరక్క. పుంజు నాది, కొలిచింది నేను.

"చూపించినా కదా, కొత్త షూలు ఎక్కించి డ్రమ్ములు మూసెయ్" అని పుల్లన్న చేతికి కట్టు కట్టించుకోను ఇంట్లోకి పోయాడు.

డ్రమ్మును లోపల ఒరుసుకుని బండిని ఆపే ఎనిమిది బ్రేకు షూలనూ గోపన్న చూశాడు. కొత్త ఇనుము. వాళ్ళింట్లో కొత్త పారను గానీ కొడవలిని గానీ ఆముదం పూసి, పసుపు కుంకుమ పెట్టకుండా పనికి దించరు. షూలకు నిండుగా ఆముదం పట్టించి, బొట్లు పెట్టి, దండం పెట్టుకుని బిగించాడు.

బావా బావమరుదులు ఊరి పక్క రాళ్ళగుట్ట దిగుడులో బ్రేకు చూడబోయారు.

"నిదానం బావా."

"నిదానంగా పోతే బ్రేకుకు పనేముందిరా?"

తొక్కాడు. బండి ఆగలేదు. మళ్ళీ తొక్కాడు. ఎదురుగా మేకల మంద. పుల్లన్న స్టీరింగు తిప్పి బండిని దారి పక్క రాతిగుండుకు కొట్టాడు. బంపరు మడత పడింది, ఆయన నుదురు చీలింది. చక్రాల్లోంచి పొగ లేచింది.

"ఈ వంటింటి వాసన యాడిదిరా?"

"ఆముదం బావా. కొత్త ఇనుము కదా."

 పుల్లన్న వీలు స్పానరు తీసుకుని దిగాడు. గుండు చుట్టూ మూడు సార్లు తరిమాడు. నాలుగోసారి గోపన్న వీపు మీద ఒకటి, చేతి మీద ఒకటి పడ్డాయి. ఎముక విరిగిన చప్పుడు నాకు మా ఇంటికి వినిపించింది. మూడోది తలకు ఎత్తేసరికి బండి గుద్దిన చప్పుడు విని ఈరక్క ఊళ్ళోంచి ఉరికొచ్చి మొగుడి మణికట్టు కరిచి పట్టింది.

"వాణ్ణి చంపి జైలుకు పో. రేపు పదింటికి బండి ఎవరు తీసకపోతారు?"

స్పానరు కింద పడింది.

పుల్లన్న అరువు తెచ్చుకున్న మోటారు సైకిలు మీద కర్నూలు పోయి ఇంకో ఎనిమిది షూలు తెచ్చాడు. డ్రమ్ములు పెట్రోలుతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, పొద్దు గుంకేలోపు అన్నీ తనే బిగించాడు. బంపరును సమ్మెటతో కొట్టి చక్కచేశాడు.

మరునాడు పరీక్ష చేసే ఆఫీసరు పక్క సీట్లో కూర్చున్నాడు.

"నేను చెయ్యెత్తగానే ఆపాల."

చెయ్యెత్తాడు. పుల్లన్నకు మిరప చేలు కళ్ళ ముందు మెదిలాయి. రెండు కాళ్ళతో తొక్కాడు. బండి మేకు కొట్టినట్టు నిలిచింది. ఆఫీసరు నిలవలేదు. ముక్కు డాష్‌బోర్డుకు తగిలి, ఒళ్ళోని కాగితం మీద రక్తం కారింది.

ఇక అయిపోయిందనుకున్నాడు పుల్లన్న.

ఆఫీసరు ముక్కుకు చేతిరుమాలు అదుముకుని అడిగాడు. "ఎడమకు లాగిందా?"

"లేదు సార్. మీరు నేరుగానే పోయినారు."

ఆఫీసరు ఆ రక్తపు మరక పక్కనే, పాసైందని సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చాక ఆ కాగితం మీది ఎర్రటి మరకను గోపన్న, కట్టు కట్టిన తన చెయ్యి పట్టుకుని చూశాడు.

"బొట్టు వాళ్ళే పెట్టి పంపినారు బావా" అన్నాడు, స్పానరుకు అందనంత దూరంలో నిలబడి.