నోటీసు బోర్డుకెక్కిన మెయిలు

2003 వేసవిలో నన్ను కుప్పం పాల శీతలీకరణ కేంద్రానికి మేనేజరుగా వేశారు. పల్లెల్లోని సొసైటీల నుంచి వచ్చిన పాలకు వెన్న శాతం, పులుపు పరీక్షించి, చల్లబరిచి, ట్యాంకరులో మదనపల్లె డెయిరీకి పంపడం మా పని. పరీక్షలు చేసేవాడు ల్యాబ్ అసిస్టెంటు మునెప్ప. అతను రాసిన శాతాన్ని బట్టే రైతుకు ధర. అతని మీద నమ్మకం పోతే అతనికి అక్కడ పని లేనట్టే.

ఆ ఏడాదే మాకు ఈమెయిలు వచ్చింది. కేంద్రం మొత్తానికి ఒకటే అడ్రసు. మదనపల్లె నుంచి ఏ మెయిలు వచ్చినా కంప్యూటరు ఆపరేటరు ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటించాలని పైవాళ్ళే ఉత్తర్వు ఇచ్చారు. సర్క్యులర్లు తప్ప ఇంకేమీ రావని వాళ్ళ ధీమా.

ఒకసారి మా పాలు మదనపల్లె చేరేసరికి విరిగిపోయాయి. అక్కడి క్వాలిటీ ఆఫీసరు మునెప్ప పేరు పెట్టి మెయిలు కొట్టారు. పులిసిన పాలను మంచివని రాయడానికి సొసైటీల దగ్గర ఎంత తింటున్నావని అందులో అడిగారు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. ఆ రోజు నేను పుంగనూరులో మీటింగుకు వెళ్ళాను. ఆపరేటరు ఉత్తర్వు ప్రకారం దాన్ని వెన్న శాతాల పట్టిక పక్కనే అంటించాడు. పాలు తెచ్చిన ఒక సొసైటీ సెక్రటరీ దాన్ని అక్కడున్న రైతులందరికీ చదివి వినిపించాడు. అందరూ నవ్వారట.

ట్యాంకరు సరిగా కడగకపోవడమే కారణమని తరువాత తేలింది. ఆఫీసరు చెడ్డవాడు కాదు. మునెప్ప ఎదురుగా ఉంటే కూర్చోబెట్టి, ఏం జరిగిందప్పా అని అడిగే మనిషే. కంప్యూటరు ముందు కూర్చోగానే ఆ మర్యాద ఏమైపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు, తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. క్షమించమంటూ ఆయన ఇంకో మెయిలు పంపారు. పైన ‘వ్యక్తిగతం’ అని ఉండడంతో ఆపరేటరు దాన్ని మడిచి మునెప్ప చేతికిచ్చాడు.

దాన్నీ బోర్డుకు అంటిద్దామన్నాను. మునెప్ప ఒప్పుకోలేదు.

"వద్దు సార్. మొన్న నవ్వినోళ్ళు దీన్ని సదివేదానికి వస్తారా? నేను పరీక్ష చేస్తాంటే అందరూ నా చేతులకల్లా సూస్తాండారు. నన్ను యాడికన్నా ఏసేయండి."

నేను సొసైటీలన్నిటికీ ఫోను చేసి నిజం చెప్పాను. సరేనన్నారు, కానీ పరీక్ష దగ్గర నిలబడి చూడడం మానలేదు. చివరికి అతన్ని పుంగనూరు గోడౌనుకు బదిలీ చేయించాను. మళ్ళీ పాల పరీక్ష జోలికి పోకుండానే రిటైరయ్యాడు.

ఎదురుగా అనలేని మాటను మెయిల్లో రాయకూడదని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. రాసింది తప్పని తేలితే, చదివినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పాలి. మా ఆఫీసరు మునెప్ప ఒక్కడికే చెప్పారు.