తోయొద్దన్నా వినని ఉప్పల్

మా కారు నా పెళ్లికంటే పెద్దది. గేరు స్టీరింగు పక్కనే మొలిచిన కాలం నాటిది. దాని బరువెంతో నాకు తెలియదు గానీ, దాన్ని నిలబెట్టే చోట నాచారం నేల ఓ జానెడు కిందికి దిగిందని మా గల్లీవాళ్లంతా ఒప్పుకుంటారు. దానికి అసలు సామాను దొరకడం ఎప్పుడో మానేసింది. అందుకని ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మిషన్ ఉన్న ప్రతి మనిషీ దానికి ఏదో ఒక అవయవం చేసిపెట్టాడు. తలుపు గొళ్లెం బీరువాది. వైపర్ మోటారు ఏ యంత్రంలోంచి వచ్చిందో చెప్పలేను, అది తిరిగినప్పుడల్లా రేడియో మూగబోయేది. వానొస్తే వార్తలుండవు, అంతే.

నా భార్యది బెజవాడ వైపు. ఆమె తమ్ముడు ఉద్యోగం మీద ఉప్పల్ వచ్చి స్థిరపడి, ఏసీ ఉన్న కొత్త కారు కొన్నాడు. ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చి, నా కారు చుట్టూ దవాఖానాలో రోగిని చూడటానికి వచ్చినవాడిలా తిరిగేవాడు.

అతని డ్రైవింగంతా హారన్ మీద నడిచేది. మలుపుకు ముందు హారన్, మలుపులో హారన్, తిరిగాక ఆ మలుపుకు కృతజ్ఞతగా ఇంకో హారన్. మాది చెయ్యి. హైదరాబాదులో కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చిందంటే దాని వెనక బండి వస్తున్నట్టే, సిటీ బస్సయినా ఆగాల్సిందే. అట్లా ఏళ్ల తరబడి ఎండలో పెట్టిన నా కుడిచెయ్యి ఎడమచేతికంటే రెండు రంగులు నలుపు. ఫొటోల్లో ఎవరిదో తెచ్చి అతికించినట్టుంటుంది.

“మీ ఊళ్లో కార్లకి ఇండికేటర్లు ఎందుకండీ బావగారూ, దిష్టికా?” అనేవాడు.

“నీ హారన్‌కు ఎడ్లు బెదురుతయి బామ్మర్దీ. ఈడ ఎడ్లు లేవు, మనుషులున్నరు. చెయ్యి సూపిస్తే సాలు, సమజైతది.”

రాష్ట్రం వస్తుందా రాదా అని టీవీలో రెండు వైపులవాళ్లూ గొంతులు చించుకుంటున్న రోజులవి. మా ఇంట్లో టీవీ కట్టేసి ఆ పని మేం కార్ల మీద చేసేవాళ్లం.

ఆ ఎండాకాలం అతను ఘట్‌కేసర్ దగ్గర ప్లాటు కొన్నాడు. అందరం వెళ్లి చూసి రావాలన్నాడు. అక్కడే మెలిక పెట్టాడు.

“మీ రథం ఘట్‌కేసర్ దాకా ఎవరూ తొయ్యకుండా వస్తే నేనింక నోరెత్తను. దారిలో ఎవరైనా ఒక్క చెయ్యి వేశారా, సోమవారం పాతసామాన్లవాడికి ఇచ్చేయాలి. సరేనా?”

“సరే అనండి. నాకూ ఈ పీడ వదులుద్ది,” అంది నా భార్య.

సరే అన్నాను. అనకపోతే అప్పుడే ఓడినట్టు. అంటే ఎప్పుడో ఓడొచ్చు.

ఆదివారం బయల్దేరాం. ముందు మా కారులో నేనూ నా భార్యా, వెనక తన కారులో అతను. ఆ ఎండకు ఉప్పల్‌లో కరుగుతున్నది తారు కాదు, రోడ్డే మూసీ వైపు పారుతోంది. మా కారుకు ఎండలో ఒక జబ్బుంది. ట్యాంకులోంచి ఇంజనుకు వెళ్లే పెట్రోలు దారిలోనే ఆవిరైపోయి బండి ఆగిపోతుంది. మందు కూడా తేలికే: పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, చాయ్ తాగేంత సేపు దాన్ని దాని మానాన వదిలేయాలి. చల్లబడగానే తనే లేస్తుంది.

సరిగ్గా ఉప్పల్ చౌరస్తాలో, ఎర్ర లైటు దగ్గర, ఆగింది. బానెట్ ఎత్తి తడిగుడ్డ వేశాను. ఇంక కావలసింది ఓపికే. అదే ఉప్పల్‌లో దొరకదు. ఆగిన బండి కనబడితే ఇక్కడివాళ్లకు చేతులు దురదపెడతాయి. ఇద్దరు ఆటోవాళ్లు దిగి వచ్చారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు బస్సును వదిలేసి వచ్చారు.

“అన్నా, నువ్వు కూసో. మేం తోస్తం,” అన్నాడు ఒక ఆటో అతను.

“వద్దు తమ్మీ. గుడ్డ ఏసిన, సల్లవడితే అదే లేస్తది.”

“గింత సిగ్గెందుకే? బండన్నంక ఆగదా?”

“సిగ్గు గాదు, తోయకున్రి! పందెం ఉన్నది!”

“పందెమా! అరే, అన్న పందెం గాసిండంట! జోరుగ తోయున్రిరా!”

నేను బానెట్ మూసి వాళ్లకు అడ్డంపడి దండం పెట్టాను. నన్ను ఎత్తి సీట్లో కూర్చోబెట్టారు. సగం ఉప్పల్ డిక్కీ మీద చేతులేసింది. వెనక నా బామ్మర్ది ఆనందం పట్టలేక హారన్ మీద హారన్. పక్కన ముంజలు అమ్ముతున్న అవ్వ లేచి వెళ్లి అతని అద్దం మీద కొట్టింది.

“ఏందయ్యా నీ పేంపేం? హారన్‌తోని బండి కదులుతదా? దిగి చెయ్యెయ్యి!”

“అది కాదు మామ్మగారూ, నేను తొయ్యకూడదు...”

“ఎందుకు, చేతులకు గాజులేసుకున్నవా?”

దిగాడు. బూట్లకు పాలిష్ కూడా ఉంది ఆ రోజు. బోడుప్పల్ వైపు తిరిగేసరికి ఇంజను అందుకుంది. డిక్కీ మీద రెండు దెబ్బలు పడ్డాయి, పో అని. వెనక్కి చూస్తే అందరూ ఎటువాళ్లటు పోయారు. థాంక్స్ చెప్పడానికి మిగిలినవాడు నా బామ్మర్ది ఒక్కడే.

ఘట్‌కేసర్‌లో ప్లాటు హద్దురాళ్ల మధ్య నిలబడి చెమట తుడుచుకున్నాడు.

“ఓడిపోయారు బావగారూ.”

“ఓడిపోయిన.”

“మరి రేపు కారు?”

“పందెం నీదే. కారు నాది. ఇయ్య.”

“మాట తప్పుతున్నారు,” అంది నా భార్య.

“తప్పుతున్న. ముక్కు మొఖం తెల్వనోళ్లు అందరు మన ఇంటి బండి అనుకొని చేతులేసిన్రు. తోయకున్రి అని మొత్తుకున్నా ఇడిసిపెట్టలే. గసొంటి బండిని తుక్కుకు ఇయ్యమంటే ఇయ్య. ఇంకో పందెం పెట్టు, అది గూడ ఓడిపోత. అప్పుడు గూడ ఇయ్య!”

తిరుగు ప్రయాణానికి అతను తన ఏసీ కారు తలుపు తెరిచి అక్క కోసం పట్టుకున్నాడు. ఆమె ఆ తలుపు వంక చూసింది, నా వంక చూసింది.

“దారిలో ఆగితే నేను మాత్రం తొయ్యను, ముందే చెప్తున్నా,” అని వచ్చి మా కారెక్కింది.

సోమవారం పొద్దున్నే పాతసామానతను గేటు ముందు నిలబడ్డాడు.

“మీ బామ్మర్ది పంపిండన్నా. తాళం ఇయ్యి.”

“అమ్మేది లేదు. ఏడుంటవ్ నువ్వు?”

“మేడిపల్లి.”

“కూసో, దింపుత.”

మేడిపల్లి దాకా అతను తలుపు తడుతూ, కాలి కింద రేకు నొక్కుతూ, ఇనుముగా ఇది ఎంత తూగుతుందో చెబుతూనే ఉన్నాడు. నేను గేరు మారుస్తూనే ఉన్నాను.